బోర్లించిన సట్టి

మా ఇంట్లో ఒట్టు పెట్టనివ్వరు. మా నాయన పుంగనూరులో మిషన్ బడి పంతులు. అవునంటే అవును అనండి, కాదంటే కాదు అనండి, మధ్యలో దేవుణ్ణి ఎందుకు లాగుతారు అని కసిరేవాడు. అందుకని ఒట్టు పెట్టను. అడిగారు కాబట్టి చెబుతున్నా... అవును. జరిగింది. నాకే జరిగింది. ఈ రెండు చెవులతో విన్నాను.

నవ్వేవాళ్ళుంటే ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే లేచి వెళ్ళిపోతాను.

నేను మదనపల్లెలో నర్సుగా పనిచేసినదాన్ని. శవాల గది పక్కన కూర్చొని వేయించిన శెనక్కాయలు తిన్నదాన్ని. నాకు భయం తక్కువ. ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరువాత మీరు "భయపడి ఏదో విన్నావులే" అంటారు. అట్లా అనకండి.

ముందు మా తమ్ముడి గురించి చెప్పాలి. వాడి పేరు చిన్నప్ప. పుంగనూరు, మదనపల్లె మధ్య బస్సు నడిపేవాడు. ఆ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు ఇల్లు చేరుతుందో వాడికే తెలియదు. అమ్మ వాడికోసం మేలుకొని ఉండేది కాదు. రాగి సంగటి ముద్ద ఒకటి మట్టి సట్టిలో పెట్టి, మునిగేదాకా నీళ్ళు పోసి, మూత వేసి, నంజుకోవడానికి పక్కన ఇంత శెనక్కాయల ఊరిబిండి ఉంచి, వసారాలో పెట్టి పడుకునేది. వాడు ఏ నడిజామునో వచ్చి చీకట్లోనే తినేవాడు. తిన్నాక సట్టి కడిగి బండ మీద బోర్లించేవాడు. బోర్లించి, దాని అడుగు మీద తెడ్డుతో రెండుసార్లు కొట్టేవాడు.

టక్... టక్.

వచ్చాను, తిన్నాను అని దానర్థం. లోపల అమ్మ నిద్రలోనే "ఊఁ... పండుకో నాయనా" అనేది. పొద్దున అడిగితే అట్లా అన్నట్టు ఆమెకు గుర్తు కూడా ఉండేది కాదు. ఏళ్ళ తరబడి ప్రతి రాత్రీ ఇదే వరస. నాకు మాత్రం నిద్ర చెడేది.

"ఒక దినం ఆ సట్టి పగలగొడతావు సూడు" అని తిట్టేదాన్ని.

"పగిలితే నీ పెండ్లికి కొత్తది తెస్తాలే అక్కా" అనేవాడు. ఇకిలింపు ఒకటి. ముందు పళ్ళ మధ్య సందు.

యుద్ధం వచ్చింది. లారీ నడిపేవాళ్ళు కావాలన్నారు. వాడు చెప్పకుండా పోయి పటాలంలో చేరాడు. ఓడ ఎక్కించి ఆఫ్రికాకు పంపారు. అక్కడి నుంచి నాకు రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండోదాంట్లో ఇట్లా రాశాడు: "అక్కా, ఈడ మన్ను మన పుంగనూరు మన్ను మాదిరే ఎర్రగా ఉండాది. ఆ మన్ను పోసుకొని ఏనుగులు గూడా ఎర్రగా ఉండాయి. నువ్వు నమ్మవని తెలుసు. వచ్చినాక సెప్తా." మూడో ఉత్తరం సర్కారు నుంచి వచ్చింది. రాత్రి దారి తప్పాడట. లారీ దొరికిందట. మనిషి దొరకలేదట. కనబడుటలేదు అని ఒక్క ముక్క రాశారు. చచ్చిపోయాడని రాయలేదు.

నాయన గుడిలో ఆదరణ ప్రార్థన పెట్టించాలన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు.

"యాల పెట్టిస్తావు? పోయినాడని ఎవురు సూసినారు? లారీ దొరికితే నా బిడ్డ పోయినట్టా?"

ఆ రాత్రి కూడా ముద్ద పెట్టింది. మరుసటి రాత్రీ పెట్టింది. యుద్ధం ముగిసింది. పోయినవాళ్ళు తిరిగొచ్చారు. ఈమె ముద్ద పెడుతూనే ఉంది. పొద్దున లేచి మూత తీసి చూసేది. ముద్ద అట్లాగే ఉండేది. దాన్ని తీసుకెళ్ళి దూడకు పెట్టేది.  నాయన ఆ వేళకు ఇంట్లో ఉండేవాడు కాదు... ఆ మూత తీయడం చూడలేక పెందలాడే బయటికి వెళ్ళిపోయేవాడు.

తరువాత నాకు పెళ్ళైంది. మా ఆయనది కుప్పం. పేరు జయరాజు. రైలు స్టేషను పక్కన పుట్టి, రైలు కూతకు నిద్రపోయి, రైల్వే గుమాస్తా అయిన మనిషి. ఆయనకు ఆఫ్రికాలో, నైరోబీలో ఉద్యోగం వచ్చింది. ఆఫ్రికా అనగానే అమ్మ లేచి లోపలికి పోయింది. ఆ సట్టి తెచ్చింది. వరిగడ్డి చుట్టి, పాత కోకలో మూటకట్టి, నా ట్రంకులో పెట్టింది. తెడ్డు కూడా పెట్టింది.

"వాడు పోయిన తావు యాడుండాదో కనుక్కో. ఆడికి పోయి ఒక్క రేయి వాడి ముద్ద పెట్టు. తెల్లారి సూడు. ముద్ద అట్లే ఉంటే... లేడని రాయి. నువ్వు రాస్తే నమ్ముతా. ఇంకెవురు సెప్పినా నమ్మను."

నేను సరే అన్నాను. నిజం చెప్పొద్దూ, నా లెక్క వేరు. పోయి ముద్ద పెడతాను. పొద్దున అది అట్లాగే ఉంటుంది. అమ్మా, వాడు లేడమ్మా అని రాస్తాను. అమ్మ ఏడుస్తుంది. ఏడ్చి, ఆ రాత్రి నుంచి నిద్రపోతుంది. ఎంత నొప్పిపెట్టినా చీము పట్టిన పుండును కోయాల్సిందే కదా. ఆ ఉత్తరం ఓడలోనే మనసులో సగం రాసేశాను.

నైరోబీలో మొదటి ఆశ్చర్యం ఏమిటో తెలుసా? సంతలో రాగులు! సాక్షాత్తూ మన రాగులు. వాళ్ళూ పిండి విసిరి తింటారు. ముద్ద కూడా చేస్తారు, ఉగాలి అంటారు, ఎక్కువగా మొక్కజొన్న పిండితో. బొటనవేలితో మధ్యలో గుంట చేసి, కూర అద్దుకొని మింగుతారు. మా ఆయన అది చూసి సంతలోనే నిలబడిపోయాడు.

"ఏమే, వీళ్ళు మనోళ్ళే. ఎవురో సిన్నప్పుడు తప్పిపోయినట్టుండారు" అన్నాడు.

తమ్ముడు పోయిన చోటు కనుక్కోవడానికి ఏడాది పట్టింది. మా ఆయన రైలు దారి పొడుగునా ప్రతి స్టేషనులోనూ విచారించాడు. ఆ ఓపిక చూసే నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది. పెళ్ళినాడు కాదు, అప్పుడు. చివరికి ఒక మనిషి దొరికాడు. ముతువా అని, నడివయసువాడు. యుద్ధంలో పటాలానికి మూటలు మోశాడు. ఇప్పుడు వేటగాళ్ళు రాకుండా అడవికి కాపలా ఉంటున్నాడు. ఆ అడవినంతా దొరలు కొత్తగా నేషనల్ పార్కు చేశారు. త్సావో అంటారు, పలకడానికే నోరు తిరగదు. మనిషన్నవాడు కనపడడు. అక్కడొక తుప్పు పట్టిన పటాలం లారీ ఉందని ముతువా చెప్పాడు. ఎవరిదో తనకు తెలియదన్నాడు, యుద్ధంలో రాత్రిపూట దారి తప్పిన లారీ అని మాత్రం విన్నాడట. మా ఆయన సెలవు పెట్టి, అడవి చూడ్డానికని దొరల దగ్గర చీటీ రాయించుకొచ్చాడు. అందరూ సింహాల్ని చూడ్డానికి వెళితే, మేము లారీని చూడ్డానికి వెళ్ళాము.

రైలు దిగి, ముతువా తెచ్చిన చిన్న మోటారులో సగం పొద్దు ప్రయాణం. ఎర్ర మన్ను... వాడు రాసినట్టే. ముళ్ళ చెట్లు, రాతి గుట్టలు. ఒకచోట ముతువా మోటారు ఆపి చెయ్యి చూపించాడు. ఏనుగులు. ఎర్ర ఏనుగులు! ఇటుకల రంగులో, వరసగా, పిల్లల్ని మధ్యలో పెట్టుకొని పోతున్నాయి. నేను వాడి ఉత్తరం నమ్మలేదు. మోటారులో కూర్చొని భోరున ఏడ్చేశాను. మా ఆయన రుమాలు ఇచ్చాడు.

ఎండిపోయిన ఏటి గట్టున గుడారం వేశాము. లారీ అక్కడికి కూతవేటు దూరం, పొద్దున పోదాం, ఇప్పుడు చీకటి పడుతోంది అన్నాడు ముతువా. తన చాప మాకు కొంచెం అవతల, మంట దగ్గర పరుచుకున్నాడు. ఒక్కటే గట్టిగా చెప్పాడు. తిండి ఏదీ బయట ఉంచకూడదు. అన్నీ మోటారులో పెట్టి మూసెయ్యాలి. మా ఆయన అది నాకు తెలుగులో మూడుసార్లు చెప్పాడు.

రాగి పిండితో మంట మీద ముద్ద చేశాను. ముగ్గురం తిన్నాము. ముతువా రెండు తిన్నాడు. ఊరిబిండి చేద్దామంటే నూరడానికి రోలు లేదు. ఉప్పు ఒక్కటే. "ఉత్త ముద్ద, గొంతు దిగలేదు" అని మా ఆయన సణుక్కుంటూ పడుకున్నాడు.

రొట్టెలు, అరటిపండ్లు అన్నీ మోటారులో పెట్టాను. ఒక్క ముద్ద మాత్రం దాచాను. సట్టిలో పెట్టి నీళ్ళు పోశాను. మూత వేశాను. చెంబుతో నీళ్ళు, తెడ్డు, పక్కన ఒక చదును రాయి. గుడారం గుడ్డకు అవతల, నా తల ఉండే వైపు పెట్టాను. మా వసారాలో ఎట్లా ఉండేదో అట్లా. తప్పే. అడవి మనిషి మాట వినాలి. కానీ మా అమ్మ మాట కూడా వినాలి కదా.

పడుకున్నాను. ఎక్కడో దూరంగా ఏదో నక్కలాంటిది నవ్వింది. కీచురాళ్ళు చెవులు తోడేస్తున్నాయి. ఆ చప్పుడులోనే నిద్రపట్టింది.

ఎంత రాత్రప్పుడో... మెలకువ వచ్చింది.

ఎందుకు వచ్చిందో తెలియలేదు. ఒక క్షణం ఆగాక తెలిసింది. చప్పుడు లేదు. కీచురాళ్ళు ఆగిపోయాయి. అన్నీ... ఒక్కసారిగా. మా ఆయన ఊపిరి వినపడుతోంది. నా ఊపిరి వినపడుతోంది.

ఇంకొకటి కూడా వినపడుతోంది.

గుడ్డకు అవతల. నా తలకు మూరెడు దూరంలో. నిదానంగా... ఏదో ఊపిరి తీస్తోంది.

తరువాత మూత జరిగింది. కర్ర్ర్... మట్టి మీద మట్టి జరిగే చప్పుడు. చిన్నప్పటి నుంచి విన్నదాన్ని, అది నాకు ఇంకోటిలా వినపడదు. దొర్లి పడలేదు. ఎవరో తీసి పక్కన పెట్టినట్టుగా ఉంది.

కాళ్ళూ చేతులూ కదల్లేదు.  లేద్దామనే అనుకుంటున్నాను... లేవలేకపోతున్నాను.

గుటక వేసిన చప్పుడు. ఒకటి... రెండు. చాలాసేపు ఏమీ లేదు. ఆ తరువాత నీళ్ళు. పోస్తున్న చప్పుడు. సట్టి లోపల ఏదో సరసరా రాసుకుంటోంది. మళ్ళీ నీళ్ళు. మళ్ళీ ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం ఎంతసేపు ఉందో చెప్పలేను. అప్పుడు...

టక్.

...

టక్.

నేను... మాట్లాడాను. ఆలోచించి మాట్లాడలేదు. నోటంతట అదే వచ్చింది.

"ఊఁ... పండుకో నాయనా."

అది నా గొంతు కాదు. మా అమ్మ గొంతు. అదే నిద్రమత్తు, అదే సాగదీత.

బయట ఒక పెద్ద నిట్టూర్పు వినపడింది. గుడ్డ లోపలికి ఉబ్బి మళ్ళీ వెనక్కి పోయింది. పచ్చి మన్ను వాసన వచ్చింది.

మా ఆయన లేచి కూర్చున్నాడు. "ఎవుర్నే పండుకోమంటాండావు? నేను పండుకోనే ఉండాను కదా!"

ఇంకొక సమయంలో అయితే కడుపు పట్టుకొని నవ్వేదాన్ని. అప్పుడు మాత్రం గుడారం ముడి విప్పడానికి లేచాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. నేను గుంజుకున్నాను. ఆయన వదల్లేదు. మంచి బలంగానే పట్టుకున్నాడు, రెండు రోజులు కమిలి ఉండింది.

"వదులప్పా! వాడు ఉండాడు బయట!"

"ఏదుండాదో నీకు తెల్దు. నాకూ తెల్దు. తెల్లారనీ. నీకు దండం పెడతా."

"చిన్నా!" అని కేక పెట్టాను. ఒక్కసారే. "రేయ్ చిన్నా!"

 కొంచెం సేపటికి ఒక కీచురాయి అందుకుంది. దాని వెనక ఇంకొకటి. అన్నీ మొదలయ్యాయి. ఆ రాత్రి ఇద్దరం అట్లాగే చేతులు పట్టుకొని కూర్చున్నాము.

తెల్లవారింది. ముడి విప్పింది మా ఆయనే. ముందు ఆయన బయటికి పోయాడు. పోయి... అక్కడే నిలబడిపోయాడు. నేను ఆయన్ను తోసుకొని చూశాను.

సట్టి రాతి మీద బోర్లించి ఉంది. పగల్లేదు. తడిగా ఉంది. తెడ్డు దాని మీద అడ్డంగా పెట్టి ఉంది. మూత పక్కన ఉంది. చెంబు ఖాళీ. ముద్ద లేదు. మెతుకంత కూడా లేదు.

చుట్టూ ఏనుగు అడుగులు. చాటంత గుండ్రటి అడుగులు, గుడారానికి బెత్తెడు దూరంలో, సట్టి చుట్టూ. అంత పెద్ద జంతువు అంత చప్పుడు లేకుండా ఎట్లా వచ్చింది? సట్టిని తొక్కకుండా ఎట్లా పోయింది? మనిషి అడుగు కోసం వెతికాను. మోకాళ్ళ మీద పాకుతూ వెతికాను. ఒక్కటీ లేదు. ఉన్నా ఏనుగు తొక్కేసి ఉంటుంది అన్నాడు మా ఆయన.

ముతువా వచ్చాడు. తిండి బయట పెట్టానని తిడతాడనుకున్నాను. తిట్టలేదు. సట్టి వంక చూశాడు, మా ఆయన వంక చూశాడు. వాళ్ళ భాషలో ఏదో అడిగాడు. మా ఆయన తిరిగి గుడారం వంక చూశాడు.

"ఏమంటాండాడు?"

"రాత్రి... నేను బయటికొచ్చి కూర్చోని తింటాంటే సూసినాడంట. ఇంటాయన తినేటప్పుడు పిలవకూడదని గమ్మున ఉన్నాడంట."

"నువ్వు వచ్చినావా?"

"నీ పక్కలోనే ఉండాను కదే! నా చెయ్యి పట్టుకోని ఉండావు కదా!"

తరువాత మా ఆయన నన్ను పక్కకు పిలిచాడు. తిన్నది ముతువానే అన్నాడు. రాత్రి ఆకలేసి ఉంటుంది. ఉగాలి తినేవాడు, ముద్ద వదులుతాడా? తిన్నాక ఎవరైనా కడుగుతారు, కడిగినవాడు ఎవడైనా బోర్లిస్తాడు. తెడ్డు కడిగి విదిలిస్తే రెండుసార్లు కొట్టుకొని ఉంటుంది. తిన్నానని చెప్పడానికి సిగ్గుపడి ఆ కథ అల్లాడు. ఏనుగు ఆ తరువాత వచ్చింది. చక్కగా అతికింది. నేను కూడా తల ఊపాను.

కానీ మనసు ఊరుకోలేదు. వెళ్ళి ముతువానే అడిగాను. నేను తెలుగులో అడుగుతుంటే మా ఆయన చెప్పాడు. "తింటే తిన్నానని సెప్పప్పా. నాకు కోపం లేదు. మా అమ్మకు జాబు రాయల్ల, అందుకే అడుగుతాండాను." అని, తమ్ముడి సంగతీ, ఆ ముద్ద సంగతీ అంతా చెప్పాను.

 ముతువా ఒక మాట అన్నాడు. దాన్ని మా ఆయన తెలుగులో చెప్పాడు.

"నేను తిన్నానంటే మీ అమ్మకు మంచిదా? తినలేదంటే మంచిదా? ఏది మంచిదో అది రాసుకో అంటాండాడు."

లారీ దగ్గరికి పోయాము. తుప్పు పట్టిన చట్రం మిగిలింది. మధ్యలో నుంచి ముళ్ళ చెట్టు లేచింది. స్టీరింగు మీద చెయ్యి పెట్టాను. అబద్ధం ఎందుకు, అక్కడ నాకేమీ అనిపించలేదు. వట్టి ఇనుము. ఎండకు కాలింది.

నైరోబీ వచ్చి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఓడలో రాసుకున్నది ఏదీ పనికిరాలేదు. లేడని రాయలేను. ఉన్నాడని రాయలేను. మూడు రోజులు కాగితాలు చించాను. చివరికి జరిగింది జరిగినట్టు రాశాను. మూత, గుటకలు, రెండు దెబ్బలు, ఏనుగు అడుగులు, ముతువా మాట. ఏదీ దాచలేదు, ఏదీ కలపలేదు. ఉత్తరం పెట్టెలో వేశాను. మా అమ్మ ప్రాణం ఆ కవరులో పెట్టి పంపానని అనిపించింది. రెండు నెలలు భోజనం సయించలేదు.

జవాబు వచ్చింది. నాయన దస్తూరి. మొదటి ముక్క ఆయనది. "చదివి వినిపించాను. రెండుసార్లు వినింది. మరుసటి ఆదివారం ప్రార్థన పెట్టిస్తానని అంటే ఈసారి వద్దనలేదు. ముందు వరసలో కూర్చుంది. ఏడవలేదు. వాడు పోయి ఆత్మగా వచ్చాడని నేను అనుకుంటున్నాను. బతికే ఉండి తిన్నాడని మీ అమ్మ అనుకుంటోంది. ఇద్దరమూ దాన్ని గురించి మాట్లాడుకోము. ఆ రోజు నుంచి రాత్రి ముద్ద పెట్టడం మానేసింది. ఎందుకని అడిగితే, కడుపు నిండినోడికి యాల పెట్టేది అంది. ఇప్పుడు నిద్రపోతోంది."

అది చదివి కాగితం కళ్ళకద్దుకున్నాను. కింద ఇంకొక ముక్క ఉంది. అమ్మ చెబుతుంటే ఆయన రాసింది.

"ముద్దలోకి ఊరిబిండి పెట్టినావా? వాడు ఉత్త ముద్ద తినడు."

ఆ రాత్రి వచ్చిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఏనుగో, ముతువానో, మా చిన్నప్పో. ఒక్కో రోజు ఒక్కోటి అనిపిస్తుంది. ఎవరైనా కానీ... ఆకలితో వచ్చారు. నేను ఉప్పు ఒక్కటే వేసి పెట్టాను. ఇన్నేళ్ళుగా నన్ను నిద్రలేపేది ఆ టక్ టక్ కాదు, ఇదీ.

అమ్మ ముక్క చదివిన ఆ రోజే కలం తీశాను. "అవునమ్మా, పెట్టినా. కారంగా నూరి పెట్టినా" అని రాశాను.

ఇప్పుడు మీకు చెప్పినదాంట్లో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.